లంకమల నడక రేటు, గండికోట చలిమంట: ఈ సీజన్ మార్పులు, డబ్బు లెక్క

మా దగ్గర టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు అద్దెకు తీసుకునేవాళ్లకు, మాతో కొండ నడకలకు వచ్చేవాళ్లకు నమస్కారం. అక్టోబరు నుంచి కడప జిల్లా లంకమల అడవిలో పగటి నడక రేటు మనిషికి 900 నుంచి 1,050 రూపాయలకు పెరుగుతోంది. అటవీ శాఖకు కట్టే పర్మిట్ రుసుము దీనికి అదనం. ఇంతకుముందు బిల్లులో రెండూ కలిపి ఒకే అంకె వేసేవాళ్లం. ఇకమీద విడివిడిగా వేస్తాం, పర్మిట్ మీద మేం రూపాయి కూడా వేసుకోం, శాఖ ఇచ్చిన రసీదు నకలు మీ బిల్లుకే పిన్ను కొట్టి ఇస్తాం. గ్రూపుకు ఇక 12 మందే. గండికోట క్యాంపు రేటు 1,450 అట్లాగే ఉంటుంది, కానీ చలిమంట ఉండదు.

పెరిగిన 150లో 60 రూపాయలు దారి బాగుకు పోతాయి. మిగతా 90 మాకే. గ్రూపు చిన్నదైతే వ్యాను, గైడు ఖర్చు తక్కువ మంది మీద పడుతుంది, దానికి వేరే సాకు చెప్పడం లేదు.

"అమెరికాలో పార్కులకు చట్టం చేసి మరీ డబ్బు ఇస్తారంట, మనకెందుకు టికెట్టు మీద టికెట్టు?" అని పిల్లలు అక్కడున్న కస్టమర్లు చాలామంది అడుగుతున్నారు. ఆ మాట నిజమే, అయితే సగం నిజం. అక్కడ 1964లోనే భూమి, నీటి సంరక్షణకు ఒక నిధి చట్టం వచ్చింది. సముద్రంలో తవ్వే చమురు, గ్యాసు మీద ప్రభుత్వానికి వచ్చే రాబడి నుంచి ఏటా 90 కోట్ల డాలర్ల దాకా దానికి జమ కావాలి. జమ అయితే అయింది గానీ, ఖర్చు పెట్టడానికి ఏ ఏడుకాయేడు వాళ్ల కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) మంజూరు కావాలి. దాదాపు ప్రతి ఏడూ కోత పడేది. 2020 ఆగస్టులో గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ చట్టం వచ్చాకే ఆ 90 కోట్లు ఏటా తప్పనిసరి అయ్యాయి. అదే చట్టం పాత రోడ్లు, కాలిబాటలు, మరుగుదొడ్లు, నీటి పైపుల మరమ్మతులకు 2021 నుంచి 2025 దాకా ఏటా 190 కోట్ల డాలర్ల వరకు వేరుగా కేటాయించింది. అంతమాత్రాన టికెట్టు పోలేదు. అక్కడి పెద్ద పార్కులు చాలావాటిలో ప్రవేశ రుసుము కట్టాల్సిందే. 2004 నాటి చట్టం ప్రకారం ఆ వసూలులో కనీసం 80 శాతం మామూలుగా వసూలైన చోటే ఖర్చవుతుంది.

మా పనికి సంబంధించినంత వరకు అసలు సంగతి ఇంకొకటుంది. 2019లో ఆ నిధి చట్టంలో ఒక వాక్యం చేర్చారు: ఆ సొమ్ములో ఏటా 3 శాతం గానీ, 1.5 కోట్ల డాలర్లు గానీ, ఏది ఎక్కువైతే అది, జనం ఆ భూముల్లోకి వెళ్లే దారి కోసం పెట్టాలి. అడవిని కాపాడటం ఒక పద్దు, జనం అడవిలోకి వెళ్లగలగడం ఇంకో పద్దు. మన చట్టాల్లో మొదటిది ఉంది. రెండోదానికి పేరున్న పద్దు లేదు.

మనకు డబ్బు లేదనుకోవద్దు. గనికి, రోడ్డుకు, కరెంటు ప్రాజెక్టుకు అడవి భూమి తీసుకున్నవాళ్లు మొక్కల పెంపకం ఖర్చుతో పాటు ఆ అడవి విలువ కింద ఎన్‌పీవీ కట్టాలి. 2022 జనవరి నుంచి అది అడవి రకాన్ని బట్టి హెక్టారుకు సుమారు 16 లక్షల రూపాయల దాకా ఉంటుంది. ఇవే కంపా నిధులు, అంటే పోయిన అడవికి బదులు అడవి పెంచడానికి పెట్టిన నిధులు. సుప్రీంకోర్టు 2002లో ఆదేశిస్తే, చట్టం 2016లో వచ్చింది, 2018లో అమల్లోకి వచ్చింది. వసూలైనదాంట్లో 90 శాతం రాష్ట్రానిది, 10 శాతం కేంద్రానిది. ఏళ్ల తరబడి పేరుకున్న సొమ్ములో 47 వేల కోట్లకు పైగా 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు బదిలీ చేసింది. నిబంధనల ప్రకారం ఎన్‌పీవీ డబ్బులో కనీసం 80 శాతం అడవి, వన్యప్రాణుల పనులకు పోవాలి: మొక్కలు, నేల తేమ పనులు, మంటల నివారణ. మిగిలిన 20 శాతం వరకు శాఖ సదుపాయాలకు. రెగ్యులర్ సిబ్బంది జీతాలకు, జూలకు, సఫారీలకు వాడకూడదు. ఆ కట్టుబాటు మంచిదే, లేకపోతే మొక్కల డబ్బు గెస్ట్ హౌసుల పాలయ్యేది. కానీ మీరు నడిచే కాలిబాటకంటూ ఈ లెక్కలో పద్దు లేదు.

గేటు దగ్గర కట్టే డబ్బు కూడా అన్నిచోట్లా ఒకేలా పోదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణతో ప్రతి టైగర్ రిజర్వుకు ఒక ఫౌండేషన్ ఉండాలి, పర్యాటక రుసుములు దానికి చేరి అక్కడి పనులకే వాడుకునే వీలుంది. నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వులో, అంటే ఆత్మకూరు వైపు బైర్లూటి లాంటి చోట్ల, మీ డబ్బు అడవి దాటి పోకుండా ఉండటానికి ఆధారం అదే. లంకమల టైగర్ రిజర్వు కాదు, అభయారణ్యం మాత్రమే. 1986లో కలివికోడి అనే అరుదైన పక్షి మళ్లీ కనిపించిన చోటు, దాని కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చిన చోటు. అయినా ఆ ఫౌండేషన్ వెసులుబాటు దానికి వర్తించదు.

అందుకే ఆ 60 రూపాయలు. కొండ దారిని కాళ్లు చెడగొట్టేది కొంత, నీళ్లు చెడగొట్టేది మిగతా అంతా. నడిచీ నడిచీ మట్టి అణిగి గాడి పడుతుంది. అక్టోబరు, నవంబరు వానలు ఆ గాడినే కాలువ చేసుకుంటాయి. గాడి లోతైతే జనం దాని పక్కన నడుస్తారు, అక్కడి గడ్డి పోయి రెండో గాడి పడుతుంది. గాడిని మట్టితో పూడిస్తే మొదటి వానకే కొట్టుకుపోతుంది. చేయాల్సింది నీటిని పక్కకు తిప్పడం. దారికి అడ్డంగా, నేరుగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా రాళ్ల వరుస పాతాలి, అదే అడ్డుకట్ట. రాయి మూడు వంతుల్లో రెండు వంతులు నేలలో ఉండాలి, లేకపోతే ఎవరి కాలో తగిలి కదిలిపోతుంది. వాలు తక్కువైతే 20 మీటర్లకు ఒకటి, నిలువు ఎక్కుడైతే 10 మీటర్లకు ఒకటి. నీళ్లు బయటికి పోయే కొసన రాళ్లు పరవాలి, ఏటా వానలకు ముందు అక్కడి పూడిక తీయాలి. చాలా అడ్డుకట్టలు పనికిరాకుండా పోయేది ఆ పూడిక తీయకనే.

మెట్లకు కడప బండ వాడమని సలహా ఇస్తున్నవాళ్లున్నారు. వంటింటి గట్టుకు బాగుంటుంది. కొండ మీద తడిస్తే జారుతుంది, పలుచని బండైతే కింద మట్టి జారగానే నడిమికి విరుగుతుంది. గరుకు రాయే కావాలి. అదీ అభయారణ్యంలో మన ఇష్టం వచ్చినట్టు తీయడానికి లేదు, వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 29వ సెక్షన్, అనుమతి లేకుండా అక్కడ దేన్నీ తీయనివ్వదు, చెడగొట్టనివ్వదు. కాబట్టి పని మేం చేయం. శాఖ అనుమతితో వన సంరక్షణ సమితి కూలీలు చేస్తారు, డబ్బు రసీదు మీద సమితికి పోతుంది. నలుగురు కూలీలు రోజుకు ఐదు అడ్డుకట్టలు వేస్తారు, ఒక్కోదానికి 600 రూపాయల లోపే. అంటే పదిమంది నడిస్తే ఒకటి. ప్రతి మూడు నెలలకు ఆ రసీదుల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెడతాం.

పర్మిట్ విషయానికి వస్తే, నడకకు 10 రోజుల ముందే పేర్లు, ఆధార్ నకళ్లు, బండి నంబరు మాకు అందాలి. పర్యాటకం కోసం అనుమతి ఇచ్చే వీలు అదే చట్టం 28వ సెక్షన్‌లో ఉంది, కానీ అది దరఖాస్తులో ఉన్న పేర్లకే. "మా బామ్మర్ది కూడా వస్తాడు, పొద్దున్నే కలుస్తాడు" అంటే గేటు దగ్గర అందరూ ఆగిపోతారు. ఎర్రచందనం అడవి గదా, రాత్రి కొత్త మనుషులు, లెక్కలో లేని బండి కనిపిస్తే సిబ్బంది అనుమానించడంలో తప్పు లేదు. చివరి నిమిషంలో బండి మారినా అంతే, కొత్త నంబరుతో మళ్లీ రాయించుకోవాలి.

చలిమంట సంగతి. అభయారణ్యానికి ప్రమాదం తెచ్చేలా అక్కడ నిప్పు పెట్టడాన్ని 30వ సెక్షన్ నిషేధిస్తుంది, అక్కడ మేం ఎప్పుడూ వెలిగించలేదు. గండికోట కోట మాత్రం కేంద్ర పురావస్తు శాఖ కిందిది. మా టెంట్లు కోట బయట పట్టా భూమిలో ఉంటాయి, అక్కడ ఆ సెక్షన్ అడ్డు రాదు. అడ్డు వచ్చేది గాలి. లోయ అంచున రాత్రి గాలి దిక్కు మారుతుంది, ఫిబ్రవరి తర్వాత బోదగడ్డి ఎండి ఉంటుంది, రవ్వ ఎంత దూరం పోతుందో చెప్పలేం. కట్టెలు కూడా చుట్టుపక్కల కంపచెట్ల నుంచే వస్తున్నాయి. వంటకు గ్యాసు స్టవ్వు, వెలుగుకు లాంతర్లు ఇస్తాం. మంట లేదు గదా రేటు తగ్గించమంటే, కట్టెల ఖర్చు గ్యాసుకు సరిపోయింది.

గండికోటకు 2024లో కేంద్రం 77.91 కోట్లు మంజూరు చేసింది, రాష్ట్రానికి 50 ఏళ్ల వడ్డీ లేని అప్పు కింద. అది పర్యాటక సదుపాయాల డబ్బు. అంచు దగ్గర రెయిలింగు, మరుగుదొడ్లు వస్తే సంతోషం, లోయలోకి దిగే కాలిదారికి దాంట్లోంచి ఏదైనా వస్తుందని మేం లెక్క వేసుకోలేదు.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల ఊళ్ల కస్టమర్లకు ఒక మాట. అమెరికా చమురు రాబడికి మన దగ్గర దగ్గరి చుట్టం జిల్లా ఖనిజ నిధి. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చింది. పాత లీజులవాళ్లు రాయల్టీలో 30 శాతం, వేలంలో తీసుకున్న కొత్తవాళ్లు 10 శాతం దానికి కట్టాలి. గనికి 15 కిలోమీటర్ల లోపు ఊళ్లు నేరుగా ప్రభావం పడ్డవి కింద వస్తాయి. పర్యావరణ పరిరక్షణ దాని ముఖ్య పద్దుల్లో ఒకటి. మీ ఊరి గుట్ట, చెరువు కట్ట దారి, వంక పక్క చెట్ల కోసం గ్రామసభ తీర్మానం, సర్వే నంబరు, అంచనా ఖర్చు జతచేసి కలెక్టరు కార్యాలయంలో ఇవ్వండి. తీర్మానం లేని అర్జీ పక్కన పడిపోతుంది. అంచనా వేయడానికి కొలతలు కావాలంటే మా గైడు టేపు తీసుకుని వస్తాడు, దానికి చార్జీ లేదు.

పాత రేటుకు అడ్వాన్సు కట్టినవాళ్లకు పాత రేటే. 12 మందికి మించిన గ్రూపులను రెండు రోజులకు విడగొడతాం. శాఖ మంటల కాలంలో దారి మూసేస్తే మా చార్జీ పూర్తిగా వాపసు, పర్మిట్ డబ్బు మాత్రం శాఖ ఇస్తేనే మేం ఇవ్వగలం.