దర్ఖాస్తు తీసుకోకముందే తీర్పు

సంపాదకుడికి,

రెండేళ్ల క్రితం ఒక సాయంత్రం పక్కింటివాళ్లకు తోడుగా నగరంలోని ఒక పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే వాళ్ల అమ్మాయి కాలేజీ నుంచి ఇంటికి రాలేదు. దర్ఖాస్తు అందుకున్న రైటర్ (స్టేషన్‌లో రాతపని చూసే పోలీసు) వయసు అడగలేదు, ఫొటో అడగలేదు. "ఎవలితోనన్న పోయిందేమో, ముందుగాల ఆమె ఫోన్ చూసుకోండ్రి" అన్నాడు. పదహారేళ్ల కొడుకు కోసం అదే బల్ల ముందు నిలబడ్డ మరో తండ్రికి "మొగపిల్లగాడే కదా, పైసలైపోతే ఆడే వస్తడు" అన్న జవాబు దొరికింది. ఆ రాత్రి రెండు ఫిర్యాదుల్లో ఒక్కటీ నమోదు కాలేదు.

18 ఏళ్లలోపు పిల్లలు కనిపించడం లేదని ఎవరైనా వస్తే, అపహరణకో అక్రమ రవాణాకో గురై ఉంటారని మొదట భావించి ఎఫ్‌ఐఆర్ రాయాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. నేరం జరిగిందనుకొని కదలమని కోర్టు చెబితే, ఆడపిల్ల అయితే ప్రేమ, మగపిల్లవాడైతే షికారు అని బల్ల దగ్గరే తేల్చేస్తున్నారు. ఆ అమ్మాయి మూడో రోజు స్నేహితురాలి ఇంట్లో దొరికింది. పరీక్ష తప్పానన్న భయం తప్ప వేరే కథ లేదు. అబ్బాయిని మాత్రం పని ఇప్పిస్తామని ఎవరో తీసుకుపోయి, పరాయి ఊరి హోటల్లో పదకొండు రోజులు గిన్నెలు కడిగించారు.

ఆడ, మగ అని చూసి ముందే తేల్చేసే ఈ చూపు చట్టానికీ లేకపోలేదు. బెయిలుకు అర్హులుగా పిల్లలను, స్త్రీలను, రోగులను, అశక్తులను ఒకే వరుసలో నిలబెట్టిన నిబంధన (ముప్పై ఏళ్లు బెయిలు పిటిషన్లు టైపు చేసిన నా వేళ్లకు అది కంఠస్థం) 2024 జూలైలో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ కొనసాగింది. లైంగిక దాడికి గురైన వయోజన పురుషుడికి అక్కరకొచ్చే సెక్షన్ మాత్రం పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 377తోనే పోయింది.

స్త్రీ దుస్తులను, గత జీవితాన్ని బట్టి ఆమె మాట విలువ కట్టరాదని, 'ఈవ్ టీజింగ్' వంటి పదాలు వాడరాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల కోసం ఒక కరదీపిక వెలువరించింది. మంచిదే, కానీ ఏ కేసైనా వారి ముందుకు రావాలంటే మొదట రైటర్ బల్ల దాటాలి. అందుకే 2013 నాటి ఆదేశాన్ని తెలుగులో అచ్చువేసి, ఫిర్యాదుదారులకు కనిపించేలా ఆ బల్ల పక్కనే అంటించాలని, నమోదు చేయకపోతే కారణాన్ని కాగితం మీద రాసి ఇవ్వాలని పోలీసు అధికారులను కోరుతున్నాను. "ఎవలితోనన్న పోయిందేమో" అని రాసి కింద సంతకం పెట్టే రైటర్‌ను నేను ఇంతవరకు చూడలేదు.

— ఒక విశ్రాంత కోర్టు టైపిస్టు, హన్మకొండ