ఒకే పదాన్ని రెండు రకాలుగా పలికితే భాష మరిచిపోయినట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

అంతరించిపోతున్న భాషల్లో మిగిలిన కొద్దిమంది ఒకే పదాన్ని తలా ఒక రకంగా పలికితే, వాళ్లు భాష మరిచిపోయారని చాలామంది తేలిగ్గా అనేస్తారు. ఆ మాట నాకు బాధగా ఉంటుంది. 1993లో అలన్ ప్రిన్స్, పాల్ స్మోలెన్‌స్కీ అనే పరిశోధకులు ముందుకు తెచ్చిన ఆప్టిమాలిటీ థియరీ అనే భాషాశాస్త్ర సిద్ధాంతం ప్రకారం ఉచ్చారణ అంటే పోటీపడే ఆంక్షల మధ్య తీర్పు. మనలోనే కొందరు స్కూలు అంటారు, కొందరు ఇస్కూలు అంటారు; ‘పదం మొదట్లో హల్లులు జంటగా రాకూడదు’, ‘లేని అచ్చును చేర్చకూడదు’ అనే రెండిట్లో ఏది పైచేయి అయితే ఆ రూపం వస్తుంది, ఏది పైన, ఏది కింద అనే ఆ వరుస ఖరారు కాకపోతే ఒకే మనిషి నోట రెండూ వస్తాయి. ఫిన్లాండ్ భాష ఫిన్నిష్‌లో షష్ఠీ బహువచనానికి చాలా పదాల్లో ఒకటికి మించి రూపాలున్నాయి, వాటిలో ఏది ఎక్కువ వినిపిస్తుందో కూడా ఇలాంటి సగం ఖరారైన వరుసతోనే భాషాశాస్త్రవేత్త ఆర్టో ఆంటిలా 1997లో వివరించారు.

ఫిన్నిష్‌కి మాట్లాడేవాళ్లు లక్షల మంది ఉన్నారు. పదిమందే మిగిలిన భాషలో రికార్డింగులే దిక్కు, అందుకే రికార్డు చేసేవాళ్లు దయచేసి ‘తప్పు’ అని దేన్నీ తీసేయకండి, ఎవరు ఏ పదాన్ని ఎన్నిసార్లు ఎలా అన్నారో అంతా రాసిపెట్టండి. కొంత తేడా పక్కనున్న పెద్ద భాష వల్ల కావచ్చు, నిజమే, కానీ అది ఏ ఆంక్షను పైకి తోసిందో తెలియాలన్నా ఆ లెక్కే కావాలి.

— ఒక పాఠకురాలు