విషయం: మా పిల్లి కుక్క కాదు, దానికి నీళ్లంటే భయమూ లేదు

కస్టమర్ సేవల అధికారి గారికి,

ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అని ఒకటే జవాబు, కామా కూడా మారలేదు. అందుకే ఈసారి పొడుగ్గా రాస్తున్నాను. ఓపిక నాకొక్కదానికే ఉంటే ఎలా?

ఇంటికొచ్చి టీకా వేస్తామంటే మీ యాప్‌లో బుక్ చేశాను. వచ్చిన కుర్రాడు బంగారం. చిట్టిని తువ్వాల్లో చుట్టి, ఐసు డబ్బాలోంచి మందు తీసి, అది నోరు తెరిచేలోపు సూది వేసేశాడు. మా గోడ మీద తిరిగే వీధి పిల్లిని, అదే, ఆపరేషన్ చేసి చెవి కొస కత్తిరించి వదిలిన దాన్ని, కూడా పట్టబోయాడు గానీ దొరకలేదు. మీ కంపెనీలో నేను చూసిన ఆఖరి మనిషి అతనే. ఆ తరవాత అన్నీ గొంతులే.

సర్టిఫికెట్ ఫోన్‌కి వచ్చింది. తెరిచి చూసుకోకపోవడం నా తప్పే. రెండు నెలలకి మా ఆడపడుచు కొడుకు చిట్టి తోక లాగితే అది వేలు కొరికింది. సబ్బు పెట్టి 15 నిమిషాలు కుళాయి కింద కడిగి, ఆస్పత్రికి పరిగెత్తాం. పిల్లికి రేబిస్ టీకా ఉందా అని డాక్టరు గారు అడిగారు. ఉందండీ అని గర్వంగా ఫోన్ చూపించాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివి, "ఇది టైగర్ అనే మగ కుక్కదమ్మా" అన్నారు. పిల్లాడికి సూదులు మొదలుపెట్టి, పిల్లిని 10 రోజులు కనిపెట్టి ఉండమన్నారు.

ఆ సాయంత్రమే మీకు ఫోన్ చేశాను. పేరు మార్చడం ఎంతసేపు అనుకున్నాను, పిచ్చిదాన్ని.

మొదటావిడ 24 గంటల్లో అయిపోతుందంది. రెండో అతను, రికార్డు కుక్కది కాబట్టి కుక్కల విభాగానికి కలిపాడు. వాళ్లు, మీది పిల్లి కదా అని పిల్లుల విభాగానికి తోశారు. అక్కడ "మీ పేరున పిల్లి ఏదీ లేదు మేడమ్" అన్నారు. నిరుడు మీరే వేశారుగా అంటే, గడువు తీరిన రికార్డులు తమకి కనపడవట. మధ్యమధ్య ఆ సంగీతం ఒకటి. ఇప్పుడు మా చిట్టి కూడా ఆ రాగం వినగానే లేచి వేరే గదిలోకి పోతోంది.

అయిదో ఫోన్లో ఒకాయన ఏవో ప్రశ్నలు చదవడం మొదలుపెట్టారు. "నీళ్ల దగ్గర వింతగా ప్రవర్తిస్తోందా?" ఎప్పుడూ వింతేనండీ అన్నాను. గిన్నెలో నీళ్లు తిన్నగా తాగదు. కుడి చెయ్యి ముంచి మూడుసార్లు తడుతుంది, నీళ్లు కదిలాక ఆ చెయ్యి నాకుతుంది. కుళాయి కారుతుంటే మాత్రం తల దూర్చి, చెవి తడిసేదాకా తాగుతుంది. అటునుంచి టకటకా టైపు చేసిన చప్పుడు. ఆయన రాసుకున్నది "నీటి భయం, రేబిస్ అనుమానం" అని తరవాత తెలిసింది.

నీళ్లంటే భయమైతే నీళ్లలో చెయ్యి ఎందుకు పెడుతుందండీ? మింగబోతే గొంతు పట్టేసి, నీళ్లు చూస్తేనే హడలిపోవడం రేబిస్ వచ్చిన మనుషుల్లో కనపడే లక్షణం. పిల్లిలో చూడాల్సింది ఉన్నట్టుండి మీదపడి కరవడం, చొంగ కారడం, నడక తూలడం. పిల్లికి మరీ దగ్గరున్నది సరిగ్గా ఆనదు. కదలని నీళ్ల మట్టం తెలీక చేత్తో తడిమి చూసుకుంటుంది. ఇదంతా చెబితే "సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు మేడమ్" అన్నారు.

ఇక అక్కణ్ణుంచి అసలు తమాషా. అనుమానం తీరేదాకా సర్టిఫికెట్ సరిచెయ్యరు. అనుమానం తీరాలంటే టీకా సర్టిఫికెట్ జతచెయ్యాలి! 10 రోజులూ గడిచాయి, చిట్టి నిక్షేపంగా ఉంది. కరిచేనాటికే దాని లాలాజలంలో రేబిస్ ఉంటే ఇలా ఉండేది కాదని మీ డాక్టర్లనే అడగండి. ఆ మాట మీ సూపర్‌వైజరుకి చెబితే, "మీ రెండో పిల్లికి టీకా లేదు కదా" అన్నాడు. ఆ గోడ మీది పిల్లి మాది కాదు బాబూ అని మొత్తుకున్నాను. అవునూ అనడు, కాదూ అనడు. అసలు గోడ మీద పిల్లి ఎవరో నాకప్పుడు అర్థమైంది.

నా కోపం అలా ఉంచండి. ఎక్కడో ఆ టైగర్ వాళ్లింట్లో చిట్టి కాగితం ఉండి ఉంటుంది. రేపు అతగాడు ఎవరినైనా కరిస్తే? లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యమైన జబ్బండీ ఇది. ఒక్కరైనా దాని గురించి అడగలేదు. నిన్న మాత్రం "మీ సమస్య పరిష్కారమైంది" అని టికెట్ మూసేశారు.

ఆరేళ్లుగా మీ కస్టమర్ని. మూడు పిల్లులకి మీ చేతే టీకాలు వేయించాను. మా చుట్టుపక్కల నాలుగిళ్ల వాళ్లకి మీ పేరు నేనే చెప్పాను, ఇప్పుడు వాళ్లకి మొహం చూపించలేకపోతున్నాను. ఈ వారంలో ఎవరో ఒకరు, పేరున్న మనిషి, ఫోన్ చెయ్యాలి. లేకపోతే వినియోగదారుల కోర్టుకి వెళతాను. అంతకంటే ముందు చిట్టిని బుట్టలో పెట్టుకుని మీ ఆఫీసుకే వస్తాను. ఓ గిన్నెడు నీళ్లు సిద్ధంగా ఉంచండి.

ఇట్లు,
మీ లెక్కలో టైగర్ యజమాని,
నిజానికి చిట్టి వాళ్లమ్మ