పార్ట్స్ షాపుల కుర్రాళ్ళు ఏ లెక్కలో ఉన్నారు?

కార్ల షోరూములు, విడిభాగాల దుకాణాల్లో ఎందరు పనిచేస్తున్నారో జిల్లాలవారీగా చెప్పే లెక్క నాకెక్కడా కనిపించలేదు. పీఎఫ్ (భవిష్య నిధి) రికార్డుల్లోకి రావాలంటే మామూలుగా దుకాణంలో 20 మంది, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) రికార్డుల్లోకి రావాలంటే 10 మంది సిబ్బంది ఉండాలి. విజయవాడ ఆటోనగర్‌లో నేను క్లచ్ ప్లేట్లు కొనే దుకాణంలో ఉన్నది ముగ్గురే: కౌంటర్లో ఇద్దరు, అటక మీది డబ్బాలు దించే కుర్రాడొకడు. నిరుడు నలుగురుండేవారు. ఆ నాలుగోవాడి పని పోయిందని ఏ రికార్డుకీ తెలియదు. షోరూముల్లో ఏజెన్సీ ద్వారా వచ్చే సేల్స్ కుర్రాళ్ళని ఏ పద్దులో రాస్తారో మరి! ఒక్కో రకం వ్యాపారానికి ఒక్కో నంబరిచ్చే కేంద్ర ప్రభుత్వ జాబితా, జాతీయ పరిశ్రమల వర్గీకరణ–2008లో విడిభాగాల అమ్మకానికి 4530 అనే కోడ్ ఉండనే ఉంది. దుకాణాల రిజిస్ట్రేషన్ ఫారంలో ఆ కోడ్‌తోపాటు సిబ్బంది సంఖ్యను ఎప్పటికప్పుడు రాయించి, కార్మిక శాఖ మూడు నెలలకోసారి జిల్లాలవారీగా ప్రకటించాలి.

– ఒక కారు మెకానిక్, విజయవాడ