ఆరో తరగతిలో లూపు పాఠం

సంపాదకులు గారికి నమస్కారాలు.

పిల్లలకు మాధ్యమిక దశలో, అంటే ఆరో తరగతి నుంచి, కోడింగ్ (కంప్యూటర్‌కు ఆదేశాలు రాయడం) పరిచయం చేయాలని జాతీయ విద్యావిధానం 2020 చెప్పినప్పుడు, ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు బోధించిన ఉపాధ్యాయుడిగా నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. ఈ మధ్య మా మనవరాలి కంప్యూటర్ నోటుబుక్కు తిరగేసినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. ‘లూపు అనగానేమి?’ అన్న ప్రశ్న కింద నాలుగు వరుసల నిర్వచనం, పక్కన ఎర్ర సిరాతో టిక్కు ఉన్నాయి. అర్థం చెప్పమ్మా అంటే, ఆ నాలుగు వరుసలనే పొల్లుపోకుండా అప్పజెప్పింది.

ఒక పనిని చెప్పినన్నిసార్లు గానీ, చెప్పిన షరతు తీరేవరకు గానీ మళ్లీ మళ్లీ చేయించడమే లూపు. ఇది మన డెల్టా పిల్లలకు కొత్త సంగతి కాదు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లే తల్లులు ఒక రేకు అల్లాక అవే కుట్లను అదే వరుసలో తిప్పి తిప్పి పువ్వు పూర్తి చేస్తారు. అలాంటి పువ్వులు ఎన్నో అల్లి, అతుకుపనిలో కలిపితే బల్లగుడ్డ తయారవుతుంది. ఒక లూపులో మరో లూపు ఇమడటమన్నది ఇంజనీరింగ్ విద్యార్థులను సైతం తికమకపెడుతుంది గానీ, అమ్మ పక్కన కూర్చుని దారపుఉండ అందించే పిల్ల దాన్ని రోజూ కళ్లారా చూస్తూనే ఉంది.

మరునాడు మనవరాలిని వాకిట్లో నిలబెట్టి, అయిదడుగులు నడిచి కుడికి తిరగడాన్ని నాలుగుసార్లు చేయమన్నాను. వెనకే సుద్దముక్కతో గీసుకుంటూ వెళితే చతురస్రం వచ్చింది. మూడు సమాన భుజాల త్రిభుజం కావాలంటే ఎంత తిరగాలని అడిగాను. కోణం 60 డిగ్రీలు కాబట్టి 60 తిరిగితే చాలంది. అలాగే నడిచి, బయలుదేరిన చోటికి ఎంతో దూరంగా ఆగిపోయి, గీతల వంక చాలాసేపు చూసింది. రెండుసార్లు చెరిపి గీశాక, తిరగాల్సింది 120 అని తనే కనిపెట్టి, “తాతయ్యా, మూడుసార్లూ కలిపితే ఒక చుట్టు తిరిగాను కదా!” అంది. అప్పటికి మేమింకా కంప్యూటర్ తెరవలేదు.

1967లో గణితవేత్త సీమోర్ పాపర్ట్, ఆయన సహచరులు పిల్లల కోసం తయారుచేసిన లోగో అనే కంప్యూటర్ భాషకు ప్రాణం ఇదే. అందులో ఆదేశాలిచ్చి, గీతలు గీస్తూ కదిలే ‘తాబేలు’ బొమ్మను నడిపే పిల్లవాడు ముందుగా తన ఒంటితో ఆ నడకను ఊహించుకుంటాడు. ఆదేశాలు రాసి ఉన్న దిమ్మెలను తెర మీద ఒకదానికొకటి అతికించి పిల్లలు ప్రోగ్రాములు చేసే స్క్రాచ్ 2007లో విడుదలైంది. అందులో ఒక పనిని మళ్లీ మళ్లీ చేయించడానికి వాడే దిమ్మె నోరు తెరుచుకుని, చేయాల్సిన పనుల దిమ్మెలను తన లోపల పెట్టుకుంటుంది. వాకిట్లో నడిచివచ్చిన పిల్లకు ఆ దిమ్మె ఎందుకలా ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

పిల్లలు తప్పు చేసే చోట కూడా మన పొలాలే అక్కరకొస్తాయి. 40 మీటర్ల గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరి దాకా 8 మీటర్ల ఎడంతో కొబ్బరి మొక్కలు నాటాలంటే చాలామంది పిల్లలు అయిదు మొక్కలంటారు. గట్టు మీద నిలబడి లెక్కపెడితే ఆరు వస్తాయి. లూపును ఒకసారి తక్కువగానో ఎక్కువగానో తిప్పడం, అనుభవమున్న ప్రోగ్రామర్లు కూడా చేసే పొరపాటే. మడి నిండేవరకు నీరు పెట్టడం షరతు మీద నడిచే లూపు. ఎప్పుడు ఆపాలో చెప్పకపోతే ఏమవుతుందో, మడవ కట్టడం మరిచి నారు ముంచుకున్న రైతు ఇంటి పిల్లవాడికి బాగా తెలుసు.

విద్యాశాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. ఉపాధ్యాయ శిక్షణలో ఒక పూటైనా కంప్యూటర్ లేకుండా, తెలుగులో, ఆవరణలో నడిపిస్తూ లూపు నేర్పే పద్ధతిని చూపించాలి. కంప్యూటర్లు చాలని బడులకు ఇది మరీ అవసరం. పరీక్షలో నిర్వచనం అడిగే ప్రశ్నను తీసేసి, ఒక ముగ్గో లేసు పువ్వో చూపించి, ఇందులో ఏ భాగం ఎన్నిసార్లు వచ్చిందో, దాన్ని గీయించడానికి ఏమేం ఆదేశాలివ్వాలో రాయమని అడగాలి.

ఇట్లు,
విశ్రాంత గణితోపాధ్యాయుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.