కుళాయి ఉందా అని కాదు, నీళ్లు వస్తున్నాయా అని అడగండి

సంపాదకుడు గారికి,

జనగణన మీద పేపర్లో వస్తున్నవన్నీ చదువుతున్నాను. చర్చంతా కులం గడి చుట్టూనే తిరుగుతోంది. 1931 తర్వాత మళ్లీ ఇప్పుడే అన్ని కులాలనూ లెక్కిస్తున్నారు కాబట్టి ఆ చర్చ జరగాల్సిందే, కాదనను. కానీ మిగతా ప్రశ్నల్ని ఎవరూ పట్టించుకోకపోతే ఎట్లా?

జనగణన మొదటి దశ అయిన ఇళ్ల జాబితా కోసం కేంద్రం ప్రకటించిన 33 ప్రశ్నల్లో తాగునీరు ఎక్కడి నుంచి వస్తుంది, ఇంటి ఆవరణలోనా, దూరంగానా అని ఉంది. ఎన్ని రోజులకోసారి వస్తుందని మాత్రం లేదు! తిరుపతికి తెలుగు గంగ ఉంది, కల్యాణి డ్యాం ఉంది, అయినా ఎండలు ముదిరాయంటే మా వీధిలో వాకిట్లో కుళాయి ఉన్నవాళ్లు కూడా ట్యాంకర్ హారన్ వినపడగానే బిందెలు తీసుకుని పరుగెత్తాల్సిందే, ముసలివాళ్లయితే పక్కింటి పిల్లల్ని బతిమాలుకోవాలి. ఆ ఇల్లూ లెక్కల్లో 'ఆవరణలోనే నీళ్లున్న ఇల్లు'గానే పడుతుంది. ఆ అంకె చూసి ఎవరైనా ఇక్కడికి కొత్త పైపులైను ఎందుకు వేస్తారు?

వైకల్యం సంగతీ అంతే. 2011లో 8 రకాలుగా రాసుకున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, తలసీమియా అనే రక్త జబ్బు ఉన్న పిల్లల్ని 'ఇతరములు' అనే గడిలో పడేస్తే జిల్లాలో ఎంతమంది ఉన్నారో, ఎక్కడ సెంటర్ పెట్టాలో ఎవరికి తెలుస్తుంది? 2027 ఫిబ్రవరిలో మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడైనా 21 రకాలూ విడివిడిగా అడగాలి.

ఇక ఆ 33 ప్రశ్నల్లో బలవంతంగా అడగకూడనిది ఫోన్ నంబర్. జనగణన సమాచారం కోసమేనని రాశారు, సరే. కానీ దర్శనం టికెట్లు ఇప్పిస్తామని నకిలీ వెబ్‌సైట్లు పెట్టి భక్తుల్ని ముంచే ఊరు మాది. ఎవరో గుమ్మంలో నిలబడి ఇంట్లో కారుందా, ఇంటర్నెట్టుందా అని అడిగి, చివర్లో నంబర్ చెప్పమంటే ఒంటరిగా ఉండే పెద్దావిడకు టెన్షన్ రాదా? భయపడినవాళ్లు మిగతా జవాబులూ నిజం చెప్పరు, దాంతో మొత్తం లెక్కే పాడవుతుంది. 1948 నాటి జనగణన చట్టం ఈ విషయంలో ఎంత మర్యాదగా ఉందో చూడండి, భర్త పేరు పలకడం ఆచారం కాని ఆడవాళ్లను ఆ పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని అందులోనే రాసి ఉంది. ఆ మర్యాద ఫోన్ నంబర్‌కూ ఉండాలి, ఇష్టమైతేనే చెప్పొచ్చు అనాలి.

అదే చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం మనం చెప్పిన వివరాలు ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరావు. ఈ సంగతి మా వీధిలో ఎంతమందికి తెలుసు? వివరాలు రాసుకోవడానికి ఇంటికొచ్చిన ఎన్యూమరేటర్ మొదటి ప్రశ్న అడిగే ముందే ఈ మాట తెలుగులోనూ, సరిహద్దు మండలాల్లో తమిళం, కన్నడంలోనూ చెప్పాలని కలెక్టర్లు ఆదేశాలివ్వాలి. ఆ సెక్షన్‌ను మీరు కూడా మొదటి పేజీలో వేయండి.

ఒక పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి