పోలీసు, అగ్నిమాపక సేవలపై స్థానిక పర్యవేక్షణ: కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనిని ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాం. రోడ్లు, కాలువలు, చెత్త గురించి విజయవాడ నగరపాలక సంస్థను అడుగుతున్నాం. అలాగే ఆపద వేళ మన గడప దాకా వచ్చే పోలీసు, అగ్నిమాపక సేవల విషయంలోనూ మనం ఎన్నుకున్న కార్పొరేటర్లకు, మేయరుకు ఏ అధికారం ఉందో తెలుసుకుని, ఉన్నంత మేరకు దాన్ని వాడించాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఈ ఏడాది సంఘం సమయం చాలావరకు ఆ పనికే వెచ్చించాం. జమాఖర్చుల పట్టిక వేరుగా పంపిణీ చేస్తున్నందున ఇక్కడ దాని ప్రస్తావన లేదు.

మొదటి రెండు నెలలు ఎన్నికల నియమావళి అమల్లో ఉండడంతో వినతిపత్రాలు ఇవ్వడం తప్ప చెప్పుకోదగ్గ పని జరగలేదు. ఆ వ్యవధిలో చట్టాలు తిరగేశాం. సభ్యుల్లో ఉన్న ఇద్దరు న్యాయవాదులు, పదవీ విరమణ చేసిన ఒక మున్సిపల్ ఉద్యోగి ఇందుకు సాయపడ్డారు. వారికి సంఘం కృతజ్ఞతలు.

మొదట తేలిన విషయం ఏమిటంటే, ఈ రెండు సేవలను రాజ్యాంగం ఒకే గాటన కట్టలేదు. పోలీసు శాఖ ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో రెండో అంశం, దానిపై అజమాయిషీ పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వానిదే. అగ్నిమాపక సేవలు మాత్రం 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో, అంటే పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 పనుల జాబితాలో, ఏడో అంశంగా ఉన్నాయి. ఆ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. అయితే 243డబ్ల్యూ అధికరణం ఆ పనులను రాష్ట్ర శాసనసభ చట్టం చేసి అప్పగించవచ్చు అన్నదే గాని, అప్పగించి తీరాలనలేదు. ముంబై, అహ్మదాబాద్ నగరాల్లో అగ్నిమాపక దళం నగరపాలక సంస్థ కిందే పనిచేస్తుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో అది రాష్ట్ర శాఖ. 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ప్రకారం నడుస్తుంది, జిల్లాలో దానికి జిల్లా అగ్నిమాపక అధికారి ఉంటారు. కాబట్టి కౌన్సిల్‌లో కార్పొరేటరు లేచి ఫైర్ స్టేషన్ గురించి అడిగితే, అది మా పరిధిలో లేదన్న జవాబు రావడం సాంకేతికంగా తప్పు కాదు. కానీ మంటలు ఆర్పడానికి కావలసిన వాటిలో సగానికి పైగా, అంటే రోడ్డు వెడల్పు, ర్యాంపులు, నీరు, భవన అనుమతులు, నగరపాలక సంస్థ చేతిలోనే ఉన్నాయి. సంఘం ఈ ఏడాది పట్టుకున్నది ఈ సగాన్నే.

భవనాల సంగతి ముందుగా చెప్పాలి. 18 మీటర్లకు మించిన నివాస భవనాలకు, 15 మీటర్లు, ఆపై ఎత్తున్న వాణిజ్య భవనాలకు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తప్పనిసరి. జనం గుమిగూడే బడులు, ఫంక్షన్ హాళ్లు, సినిమా హాళ్ల వంటివైతే స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు ఆరు మీటర్లున్నా ఆ ఎన్‌ఓసీ కావాలి. మన కాలనీలో ఎక్కువగా ఉన్నవి కింద పార్కింగ్, పైన నాలుగో ఐదో అంతస్తులు ఉన్న అపార్ట్‌మెంట్లు, అవి ఈ గీత కిందే ఆగిపోతాయి. అంటే వాటి దగ్గరకు అగ్నిమాపక శాఖ అధికారి తనిఖీకి రావలసిన అవసరం చట్టరీత్యా లేదు. ప్లాను మంజూరు చేసినప్పుడు, నివాసయోగ్యతా పత్రం ఇచ్చినప్పుడు పట్టణ ప్రణాళికా విభాగం చూసిందే మొదటి తనిఖీ, చివరి తనిఖీ కూడా. ఆ తర్వాత మెట్ల కింద పాత సామాను పేర్చినా, కరెంటు మీటర్ల పక్కన బైకులు బారులు తీర్చినా, సెట్‌బ్యాక్‌లో, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలంలో, వాచ్‌మన్ గది కట్టినా అడిగే నాథుడు లేడు.

అందువల్ల సంఘమే ఒక పరిశీలన చేపట్టింది. సభ్య అపార్ట్‌మెంట్ల కార్యదర్శుల అనుమతితో, స్వచ్ఛందంగా సహకరించిన అగ్నిమాపక సిబ్బంది సలహాతో ప్రతి భవనం కింది భాగాన్ని చూశాం. అన్నిటికంటే ఎక్కువగా కనబడిన లోపం మీటరు బోర్డుల దగ్గరే. ఒక భవనంలో మీటర్ల చెక్క బల్ల వెనకాల ఎలుకలు కొరికిన వైర్లు, దాని ముందు పెట్రోలు ట్యాంకుతో సహా వాడని స్కూటరు, స్కూటరు సీటుపై దీపావళికి మిగిలిన టపాసుల అట్టపెట్టె కనిపించాయి. పైకి వెళ్లే ఒకే ఒక్క మెట్ల దారి అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ భవనం వారు అదే వారంలో అన్నీ తొలగించారు, పేరు ప్రకటించవద్దని కోరారు కాబట్టి ప్రకటించడం లేదు. ఇంకా కొన్ని భవనాల్లో మంటలార్పే సిలిండర్లు గోడకు వేలాడుతున్నాయి గాని, వాటి రీఫిల్ గడువు ఎప్పుడో దాటింది. ఇది చెప్పించుకోవలసిన విషయం కాదని సంఘం అభిప్రాయం.

2020 ఆగస్టు 9 తెల్లవారుజామున మన విజయవాడలోనే, కోవిడ్ రోగులను ఉంచిన హోటల్లో మంటలు చెలరేగి కనీసం పదిమంది మరణించిన సంగతి సభ్యులెవరూ మరచిపోలేదు. అలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ అనుమతి ఎవరిది, తనిఖీ ఎవరిది అనే ప్రశ్న శాఖల మధ్య బంతిలా తిరుగుతుంది. ఆ ప్రశ్నను ప్రమాదానికి ముందే కౌన్సిల్ అజెండాలోకి ఎక్కించాలని మన డివిజన్ కార్పొరేటరుకు వినతిపత్రం ఇచ్చాం.

ఇక సెప్టెంబరు నెల గురించి విడిగా చెప్పక తప్పదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు మునిగినప్పుడు సంఘం తన మామూలు పనులన్నీ ఆపి ఆహారం, నీరు, మందుల పంపిణీలో నిమగ్నమైంది. నీరు తగ్గాక ఇళ్లలో, వీధుల్లో పేరుకున్న బురదను కడగడానికి ఫైరింజన్లను దింపారు, ఇతర జిల్లాల నుంచి కూడా తెప్పించారు. ఊరు పేరు తెలియని సిబ్బంది మోకాలి లోతు బురదలో నిలబడి పరాయి ఇళ్ల వంటగదులు కడిగి పెట్టారు. వారికి ఎంత చెప్పినా తక్కువే. అయితే ఆ రోజుల్లో మన సందుల అసలు రూపం బయటపడింది. ఇళ్ల ముందు రోడ్డు మీదికి జరిపి కట్టిన ర్యాంపులు, ఎదురెదురుగా నిలిపిన కార్లు, తల ఎత్తున వేలాడే కేబుల్ తీగలు అడ్డుపడి చాలా వీధుల్లో ఫైరింజన్ మలుపు దగ్గరే ఆగిపోయింది, అక్కడి నుంచి గొట్టాన్ని సిబ్బంది భుజాల మీద లాక్కుపోయారు. బురద కాబట్టి సరిపోయింది. అదే అగ్నిప్రమాదమైతే ఆ గొట్టం విప్పుకునే వ్యవధి కూడా ఉండేది కాదు.

ఎత్తయిన భవనాల చుట్టూ కనీసం ఆరు మీటర్ల ఖాళీ దారి, ఫైరింజన్ బరువుకు కుంగని గట్టి నేల, తొమ్మిది మీటర్ల మలుపు వ్యాసార్ధం ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. మన సందులకు ఆ కొలతలు వర్తించవు, వర్తింపజేయడం సాధ్యమూ కాదు. కానీ సాధారణ వాటర్ టెండరులో, అంటే నీళ్ల ట్యాంకు ఉన్న ఫైరింజన్‌లో, పట్టే నీరు 4,500 లీటర్లే, పంపు పూర్తి వేగంతో పనిచేస్తే అది కొద్ది నిమిషాల్లో ఖాళీ అవుతుంది. దగ్గరలో ఏ ఓవర్‌హెడ్ ట్యాంకు వద్ద దాన్ని మళ్లీ నింపుకోవచ్చో, అక్కడి వాల్వు తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందే తెలిసి ఉండడం మాత్రం ఖర్చులేని పని. ర్యాంపులు పట్టణ ప్రణాళికా విభాగానివి, ట్యాంకులు ఇంజినీరింగ్ విభాగానివి, కరెంటు స్తంభాలు విద్యుత్ సంస్థవి, ఫైరింజన్ రాష్ట్ర శాఖది. ఈ నలుగురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, డివిజన్ పటం పరిచి ప్రశ్న అడగగలిగిన చోటు కౌన్సిల్ ఒక్కటే. ఏడాదికి ఒకసారైనా అలాంటి సమీక్ష జరపాలని మేయరు కార్యాలయానికి రాతపూర్వకంగా కోరాం, కోరినట్టు రసీదు తీసుకున్నాం.

పోలీసుల విషయానికి వస్తే, 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి రావడంతో సంఘం ఒక అవగాహన సభ జరిపింది. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని, నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని, ఆన్‌లైన్‌లో పంపిన ఫిర్యాదుపై మూడు రోజుల్లోగా సంతకం చేయాలని, స్టేషన్‌లో నిరాకరిస్తే పై అధికారికి రాసి పంపవచ్చని, అప్పటికీ ఫలితం లేకపోతే మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చని వక్తలు వివరించారు. హాజరు బాగానే ఉంది గాని ప్రశ్నలు ఎక్కువగా సైబర్ మోసాల చుట్టూ తిరిగాయి.

అసలు పని సీసీ కెమెరాల దగ్గర జరిగింది. జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, హాళ్లు, సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగు దాచి పోలీసులు అడిగితే ఇవ్వాలని 2013 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతోంది. దీని గురించి మనకు చాలాసార్లు చెప్పారు, మనమూ చందాలు వేసుకుని వీధి మలుపుల్లో కెమెరాలు పెట్టుకున్నాం. పోలీస్ స్టేషన్లలో కెమెరాల గురించి సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఇచ్చిన తీర్పు గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టరు గదితో సహా అన్ని చోట్లా దృశ్యంతో పాటు శబ్దం కూడా నమోదయ్యే కెమెరాలు ఉండాలని, రికార్డింగును 18 నెలలు, అది సాధ్యం కాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని, కెమెరాలు ఉన్నాయన్న సంగతి స్థానిక భాషలో కూడా స్టేషన్ ముందు పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలని ఆ తీర్పు ఆదేశించింది. వీటి పర్యవేక్షణకు జిల్లా స్థాయి కమిటీ ఏర్పాటు చేయాలని చెబుతూ, అందులో కలెక్టరు, ఎస్పీలతో పాటు జిల్లాలోని ఒక మున్సిపాలిటీ మేయరు, గ్రామీణ ప్రాంతమైతే జిల్లా పరిషత్ అధ్యక్షులు సభ్యులుగా ఉండాలన్నది. కమిటీ ప్రతినెలా రాష్ట్ర స్థాయి కమిటీకి నివేదిక పంపాలి, బయటకు రాని హక్కుల ఉల్లంఘనలేమైనా ఉన్నాయేమో రికార్డింగులను చూసి పరిశీలించాలి.

పోలీసు వ్యవస్థపై రోజువారీ పర్యవేక్షణలో ఎన్నికైన స్థానిక ప్రతినిధికి చోటిచ్చిన ఉత్తర్వుల్లో ఇంత స్పష్టమైనది మరొకటి మాకు కనబడలేదు. కాబట్టి ఆ కమిటీ సమావేశాల వివరాలు కోరుతూ సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. ఒక కార్యాలయం నుంచి ఆ సమాచారం తమ వద్ద లేదన్న ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. తమ వద్ద లేకపోతే ఐదు రోజుల్లోగా ఆ సమాచారం ఉన్న కార్యాలయానికి దరఖాస్తును బదిలీ చేయాలని చట్టంలోని 6(3) సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్‌ను ఉటంకిస్తూ మొదటి అప్పీలు వేశాం, నివేదిక రాసే నాటికి అది విచారణలో ఉంది. ఇతర పనులపై స్టేషన్లకు వెళ్లిన సభ్యులు గోడల మీద చూసి చెప్పినదాన్ని బట్టి, కొన్నిచోట్ల తెలుగులో బోర్డు స్పష్టంగా ఉంది, కొన్నిచోట్ల ఇంగ్లిషులో మాత్రమే ఉండి వెలిసిపోయింది.

మన కెమెరాల రికార్డింగు విషయంలోనూ పద్ధతి పాటించాలని కార్యవర్గం నిర్ణయించింది. సంఘం కార్యాలయంలో ఒక రిజిస్టరు పెట్టాం. ఫుటేజీ ఎవరు అడిగినా తేదీ, వారి హోదా, ఏ కేసు నిమిత్తం, ఎంతసేపటి రికార్డింగు ఇచ్చామన్నది రాసి సంతకం తీసుకుంటున్నాం. వచ్చిన పోలీసు సిబ్బంది దీనికి అభ్యంతరం చెప్పలేదు. నిజానికి ఇబ్బంది పెట్టింది మన సభ్యులే. పక్కింటివారి కారు ఎప్పుడొచ్చిందో చూపించమన్న అభ్యర్థనలను కార్యదర్శి తిరస్కరించవలసి వచ్చింది.

కార్యవర్గంలో భిన్నాభిప్రాయం వచ్చిన సంగతి కూడా సభ్యులకు తెలియాలి. స్టేషన్‌లో సివిల్ తగాదాలు నలుగుతున్నప్పుడు కార్పొరేటరు వచ్చి కూర్చునే ఏర్పాటు ఉండాలని, బదిలీల్లో స్థానిక ప్రతినిధుల మాట చెల్లాలని కొందరు ప్రతిపాదించారు. మెజారిటీ దీనికి ఒప్పుకోలేదు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ఉద్దేశమే పోలీసులను రాజకీయ ఒత్తిడి నుంచి తప్పించడం. కేసు ఎవరిపై పెట్టాలో, ఎవరిని వదలాలో కార్పొరేటరు చెప్పే రోజు వస్తే ఇప్పుడున్న బాధ రెట్టింపవుతుంది. వ్యక్తిగత ఫిర్యాదులకు అదే తీర్పు మరో దారి చూపింది. డీఎస్పీ స్థాయి వరకు ఉన్న అధికారులపై ఆరోపణలు వినడానికి జిల్లా స్థాయిలో విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షతన పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ ఉండాలని చెప్పింది. కస్టడీ మరణాలు, తీవ్ర గాయాలతో పాటు బలవంతపు వసూళ్లు, ఇళ్ల స్థలాల కబ్జా వంటి ఆరోపణలు కూడా దాని పరిధిలోకి వస్తాయి. సంఘం అడగవలసింది ఆ సంస్థ పనిచేయాలనే గాని, దాని స్థానంలో నాయకుల పంచాయితీ కావాలని కాదు.

వార్డు సచివాలయంలోని మహిళా పోలీసుల విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. కూర్చునేది సచివాలయంలో, జవాబు చెప్పేది స్టేషన్‌కు. సభ్యుల్లో మహిళలు వారి సేవలు ఉపయోగపడ్డాయనే చెప్పారు కాబట్టి ఈ ఏడాది ఆ అంశాన్ని ముందుకు తీసుకుపోలేదు.

రాబోయే ఏడాదికి కార్యవర్గం పెద్ద ప్రణాళిక ఏదీ పెట్టుకోలేదు. సమాచార హక్కు అప్పీలును చివరిదాకా నడపడం, అగ్నిమాపక వారోత్సవాలు జరిగే ఏప్రిల్ 14 నుంచి 20 లోపు కాలనీలో ఒక కసరత్తు జరిపించడం, ఫైరింజన్ తిరగలేని మలుపులను గుర్తించి పటం తయారు చేసి పట్టణ ప్రణాళికా విభాగానికి ఇవ్వడం మాత్రమే అనుకున్నాం. ఆ పటంలో సభ్యుల సొంత ర్యాంపులు కూడా చేరతాయి, కార్యవర్గ సభ్యులవి సహా.

చర్చకు, ఓటుకు పెడుతున్న తీర్మానం ఇది: “అగ్నిమాపక సేవలకు సంబంధించి నగరపాలక సంస్థ చేతిలో ఉన్న రోడ్లు, నీటి వనరులు, భవన అనుమతుల స్థితిపై కౌన్సిల్ ఏటా బహిరంగ సమీక్ష జరపాలనీ, స్టేషన్ కెమెరాల పర్యవేక్షణ కమిటీలో మేయరు పాల్గొన్న సమావేశాల తేదీలను కౌన్సిల్‌కు తెలియజేయాలనీ ఈ సర్వసభ్య సమావేశం కోరుతోంది.” సవరణలు ప్రతిపాదించదలచిన సభ్యులు సమావేశానికి ముందే రాతపూర్వకంగా కార్యాలయంలో ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున